కష్టాలు మనిషిని ఎదిగిస్తాయా?

ఇటీవల ఒక కథల పోటీకి వచ్చిన రచనలను చదివే బాధ్యత నా మీద పడింది. రాసినవారిలో ఎక్కువమంది యువకులు. భాష మీద పట్టు ఉంది, పల్లె తెలుసు, పట్నం తెలుసు. చదువుతున్నకొద్దీ సంతోషంతో పాటు ఒక అసంతృప్తి కూడా నాలో పెరుగుతూ వచ్చింది. కారణం ఏమిటని ఆలోచిస్తే, వేరు వేరు పేర్లతో, వేరు వేరు ఊళ్ళతో నేను చదువుతున్నది ఒకే కథ అని అర్థమయింది.

ఆ కథ ఇలా సాగుతుంది. పేదింటి కుర్రవాడు పట్నం వస్తాడు. హోటల్లోనో, దుకాణంలోనో, లారీ ఆఫీసులోనో పనికి కుదురుతాడు. తిట్లు తింటాడు, అరుగుల మీద పడుకుంటాడు, పస్తులుంటాడు. ఏనాడూ ఎదురు చెప్పడు, పళ్ళు బిగించి భరిస్తాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ వీధికే కారులో వచ్చి దిగుతాడు. ఒకనాడు తనను తిట్టిన యజమానికి చేతులు జోడించి, "ఆనాటి కష్టాలే నన్ను మనిషిని చేశాయి" అంటాడు. యజమాని కళ్ళు చెమరుస్తాయి. కథ అయిపోతుంది.

ఈ కథలో అబద్ధం ఏముంది అని మిత్రులు అడగవచ్చు. అలా పైకి వచ్చినవారు లేరా? ఉన్నారు. కష్టం మనిషికి కొంత నేర్పదా? నేర్పుతుంది. అయినా ఈ కథ మొత్తంగా ఒక అబద్ధాన్ని మోస్తున్నదని నా అభిప్రాయం. ఆ మాట అనడానికి నాకు ఒక హక్కు ఉంది. నలభై ఏళ్ళ కిందట ఇదే కథను నేనూ రాశాను. అది అచ్చయింది, నలుగురూ మెచ్చుకున్నారు. దాని స్థలం బేగంబజారు. కనుక ఈ విమర్శను ఇతరులతో కాక నాతోనే మొదలుపెట్టడం న్యాయం.

*

బేగంబజారు మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉంది. రెండవ అసఫ్ జా నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలం కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. మార్వాడీ, గుజరాతీ, అగర్వాల్ వర్తకులు తరతరాలుగా అక్కడ టోకు వ్యాపారం చేస్తున్నారు. ఎండుమిర్చి, పసుపు, చింతపండు, బెల్లం, జీడిపప్పు, ఖర్జూరం, ఇత్తడి గిన్నెలు, స్టీలు సామాను — జిల్లాల్లోని చిల్లర దుకాణాలకు వెళ్ళే సరుకులో చాలా భాగం ఆ ఇరుకు సందుల్లోంచే కదిలేది. ఒక పక్క ఉస్మాన్‌గంజ్, మరో పక్క సిద్దిఅంబర్ బజార్, కాస్త నడిస్తే అఫ్జల్‌గంజ్. ముస్లింజంగ్ పూల్ దాటితే అవతలి ఒడ్డున పాతబస్తీ, సిటీ కాలేజీ, హైకోర్టు.

1970ల మొదట్లో, కరువు ఏడాది, నల్లగొండ జిల్లా నుంచి వచ్చి అక్కడి ఒక కిరాణా టోకు దుకాణంలో నేను చేరాను. నాతో పాటే మరో కుర్రవాడు చేరాడు. మాది ఒకే తాలూకా, వయసులో నాకంటే ఒక ఏడాది పెద్ద. సేటు గద్దె మీద, మునీం బహీఖాతా ముందు, మేమిద్దరం కాంటా దగ్గర. పొద్దున దుకాణం ఊడవడంతో మొదలై, రాత్రి గోదాముకు తాళం వేయడంతో మా రోజు ముగిసేది. హమాలీలు రాని పూట బస్తాలు కూడా మేమే ఎత్తేవాళ్ళం. అప్పటి బస్తా అంటే క్వింటాలు. ఎండుమిర్చి గోదాములో పని చేసిన రాత్రి కళ్ళు మూస్తే మండేవి, తెరిస్తే మండేవి.

అతను నాకంటే తెలివైనవాడు. ఇది వినయం కొద్దీ చెబుతున్న మాట కాదు. మునీం కాగితం మీద కూడిక పూర్తి చేసేలోగా అతను వేళ్ళ కణుపుల మీద లెక్క తేల్చేవాడు. మార్వాడీ లెక్కల లిపిని నాలుగు నెలల్లో చదవడం నేర్చాడు. నేను ఏడాది పట్టినా తడబడేవాడిని. మా ఇద్దరిలో పైకి వచ్చేవాడెవరని ఆనాడు ఎవరినడిగినా అతని వైపే వేలు చూపేవారు.

ఒక వానాకాలం గోదాములో పేర్చిన బస్తాల వరస జారి అతని మీద పడింది. నడుము దెబ్బతిన్నది. దవాఖానాలో పదిహేను రోజులు ఉంచారు. దుకాణం వాళ్ళు బస్సు చార్జీలు, మీద కొంత చేతిలో పెట్టి ఊరికి పంపారు. అతను మళ్ళీ రాలేదు. మరుసటి సోమవారం అతని చోటులో ఇంకో కుర్రవాడు కాంటా పట్టుకుని నిలుచున్నాడు.

నేను ఏమయ్యాను? నా బతుకులో మూడు విషయాలు జరిగాయి. హమాలీ సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు. చదువు రాదు. నేను పొట్లాలు కట్టే పత్రికల ముక్కలు చదవడం చూసి, సేటు దగ్గరికి వచ్చి, "పోరడు సదువుకుంటడట, సాయంత్రం ఒక గంట ముందు ఇడిచిపెట్టుండ్రి" అన్నాడు. ఆయన అడిగింది ఒంటరి మనిషిగా కాదు. ఆయన వెనక సంఘం ఉంది, సరుకు దిగడమూ ఎక్కడమూ వాళ్ళ చేతిలో ఉంది. అందుకే సేటు ఒప్పుకున్నాడు. అలా దొరికిన ఆ గంట నన్ను అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి చేర్చింది. ఏం చదవాలో తెలియక నిలబడ్డ నాకు అక్కడి ఒక ఉద్యోగి పుస్తకాలు తీసి ఇచ్చాడు. ఆ తర్వాత సాయంకాలపు కళాశాల ఒకటి, అక్కడ నా వ్యాసాలు దిద్దిన ఒక అధ్యాపకుడు. ఇదీ నా "ఎదుగుదల" అసలు చరిత్ర.

మరి నా కథలో ఏం రాశాను? బస్తాలు రాశాను, మిరపఘాటు రాశాను, తిట్లు రాశాను. సంఘం పెద్దాయనను రాయలేదు, లైబ్రరీ ఉద్యోగిని రాయలేదు. నా తోటివాణ్ణి ఒకే వాక్యంలో, "భరించలేక ఊరికి పోయాడు" అని ముగించాను. అతను భరించలేక పోలేదు, నడుము విరిగి పోయాడు. ఆ ఒక్క వాక్యంతో ప్రమాదాన్ని పిరికితనంగా మార్చాను. అలా మార్చకపోతే నా కథానాయకుడి "పట్టుదల" నిలబడదు. ఒక సభలో ఆ కథను పొగుడుతుండగా వెనక వరసలోంచి ఒక విద్యార్థిని లేచి, "ఆ రెండో అబ్బాయి ఏమయ్యాడండీ?" అని అడిగింది. నవ్వి దాటవేశాను. ఈ వ్యాసం ఆమెకు నేను బాకీ ఉన్న జవాబు.

*

కష్టాన్ని గురువుగా నిలబెట్టే ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? మన పురాణాల్లో తపస్సు ఉంది, పరీక్ష ఉంది, వనవాసం ఉంది. కాని పోటీకి వచ్చిన కథల్లోని ఆలోచన అంత పాతది కాదు. ఇది పారిశ్రామిక యుగపు సరుకు. ఇంగ్లండులో సామ్యూల్ స్మైల్స్ 1859లో ప్రచురించిన 'సెల్ఫ్ హెల్ప్' ఈ జాతి పుస్తకాలన్నిటికీ మూలపురుషుడు. కుమ్మరులు, మంగళ్ళు, గని కార్మికులు కేవలం స్వయంకృషితో పట్టుదలతో ఎలా గొప్పవాళ్ళయ్యారో అందులో వరసగా చెబుతాడు. ప్రపంచంలోని అనేక భాషల్లోకి అది వెళ్ళింది. ఇవాళ కోఠీ, అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పరిచి ఉన్న వ్యక్తిత్వ వికాస పుస్తకాలు దాని మునిమనమలు.

ఆ పుస్తకం పుట్టుకలో విమర్శకుడు తప్పక గమనించవలసిన ఒక విషయం ఉంది. దాన్ని స్మైల్స్ తానే ముందుమాటలో చెప్పుకున్నాడు. లీడ్స్ పట్టణంలో ఇద్దరు ముగ్గురు శ్రామిక యువకులు చలికాలపు రాత్రుల్లో ఒకరింట్లో కూడి, ఒకరికి వచ్చింది మరొకరికి నేర్పుకోవడం మొదలుపెట్టారు. చదవడం, రాయడం, లెక్కలు. జనం పెరిగారు, గది చాలలేదు. ఒకప్పుడు కలరా రోగులను ఉంచిన గదిని అద్దెకు తీసుకున్నారు. కలరా గది అని ఎవరూ అద్దెకు తీసుకోనిది వీళ్ళకు దొరికింది. నాలుగు మంచి మాటలు చెప్పమని వాళ్ళు స్మైల్స్‌ను పిలిచారు. 1845 ప్రాంతంలో ఆయన అక్కడ ఇచ్చిన ఉపన్యాసాలే తర్వాత పుస్తకమయ్యాయి.

ఇందులోని వైరుధ్యాన్ని చూడండి. ఎవరికి వారే పైకి రావాలని బోధించే గ్రంథం, ఒకరి చెయ్యి మరొకరు పట్టుకున్న గదిలో పుట్టింది. పుస్తకం ప్రపంచమంతా తిరిగింది, గది మాత్రం ముందుమాటలోనే ఉండిపోయింది. నా కథలో జరిగిందీ ఇదే. బస్తా మిగిలింది, సంఘం పెద్దాయన పోయాడు.

ఈ తొలగింపు కేవలం అజ్ఞానం వల్ల జరిగేది కాదు. దాని వల్ల లాభపడే వర్గం ఒకటి ఉంది. కష్టమే గురువైతే కష్టపెట్టేవాడు గురుస్థానంలో కూర్చుంటాడు. తక్కువ కూలి పాఠమవుతుంది, పొడుగాటి పనిదినం శిక్షణ అవుతుంది. చివర్లో చేతులు జోడించే సన్నివేశం ఊరికే రాదు. అది గురుదక్షిణ సన్నివేశం.

*

మన సాహిత్యంలో దీనికి భిన్నమైన ఉదాహరణ లేదా? ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం, రచన రెండూ ఇక్కడ మనకు దారి చూపుతాయి.

ఆయన 1915లో నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో పుట్టాడు. చిన్ననాడే తండ్రి పోయాడు. ఒక ఉపాధ్యాయుని ఇంట్లో వంట చేసి పెడుతూ చదువుకున్నాడు. హోటల్లో సర్వరుగా పని చేశాడు, ప్రూఫ్ రీడరుగా పని చేశాడు. పోటీకి వచ్చిన కథలకు కావలసిన ముడిసరుకు అంతా ఆయన బతుకులో ఉంది. మామూలు కథకుడి చేతికి ఆ బతుకు దొరికితే, వంటవాడు రచయిత అయ్యాడు, చూశారా పట్టుదల, అని ముగిస్తాడు.

ఆళ్వారుస్వామి మాత్రం తన కష్టాన్ని అలా అర్థం చేసుకోలేదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి ముప్పైకి పైగా పుస్తకాలు వేశాడు. వాటిని తానే మోసుకుంటూ ఇల్లిల్లూ, ఊరూరూ తిరిగి అమ్మాడు. ఆనాడు హైదరాబాదు రాజ్యంలో తెలుగు చదువుకు ఎంత చోటుందో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1926లో గోలకొండ పత్రిక, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ — ఒక్కొక్క మెట్టూ పదిమంది కలిసి కట్టుకున్నదే. ఆ మెట్ల మీద ఎక్కినవాడు ఆళ్వారుస్వామి. ఎక్కిన తర్వాత వెనకవాళ్ళ కోసం మరికొన్ని మెట్లు కట్టాడు. ఆయన మోసింది కూడా బరువే. దుకాణంలో నేను మోసిన బస్తాకూ ఆయన మోసిన పుస్తకాల మూటకూ తూకంలో పోలిక ఉండవచ్చు, అర్థంలో లేదు. బస్తా ఎవరిదో, ఎక్కడికి పోతున్నదో నాకు తెలియదు. ఆయన మూట ఎవరికోసమో ఆయనకు తెలుసు.

1950లలో వచ్చిన ఆయన నవల 'ప్రజల మనిషి' పేరునే గమనించండి. కథానాయకుడు కంఠీరవం పెరుగుతాడు, నిజమే. కాని దిమ్మెగూడెం పెరగకుండా అతను పెరగడు. దొర రామభూపాలరావు దౌర్జన్యం, వెట్టి, మతమార్పిడుల సమస్య, గ్రంథాలయం, ఆంధ్ర మహాసభ — వీటన్నిటి నడుమ అతని వ్యక్తిత్వం రూపుదిద్దుకుంటుంది. అతని కష్టానికి పేరుంది, చిరునామా ఉంది, దాని వెనక దస్తావేజులున్నాయి. అతన్ని కష్టపెట్టేది విధి కాదు, దొర. కనుక ఆ నవలలో దొరకు చేతులు జోడించే సన్నివేశానికి తావే లేదు.

ఆ నవలలో లోపం లేదని నేను అనడం లేదు. కంఠీరవంలో తప్పటడుగులు చాలా తక్కువ. మంచివాడు మరీ మంచివాడుగా, చెడ్డవాడు మరీ చెడ్డవాడుగా కనిపించే చోట్లున్నాయి. శిల్పపరంగా ఇది బలహీనతే. అయినా కష్టానికీ ఎదుగుదలకూ మధ్య ఉన్న సంబంధాన్ని అది సరిగ్గా చూపింది. ఆ సంబంధం నేరుగా ఉండదు. మధ్యలో మనుషులుంటారు, పుస్తకాలుంటాయి, నిర్మాణం ఉంటుంది.

దీనికి రెండో పార్శ్వం 'జైలు లోపల' కథల్లో దొరుకుతుంది. ఆళ్వారుస్వామి రాజకీయ ఖైదీగా జైలుకు వెళ్ళాడు. అక్కడ తన త్యాగాన్ని గురించి రాసుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన మాత్రం తన చుట్టూ ఉన్న మామూలు నేరస్థులను చూశాడు. 'పరిసరాలు', 'అవకాశమిస్తే' — ఆ కథల పేర్లలోనే ఆయన దృక్పథం ఉంది. కష్టం మనిషిని ఎదిగిస్తుందన్నది నిజమైతే జైలు నిండా మహాత్ములే ఉండాలి. వాళ్ళు పడని కష్టం ఏముంది? కష్టం చాలామందిని విరిచేస్తుందనీ, విరిగినవాడిని నీతితో కొలవడం కంటే అతని పరిసరాలను పరిశీలించడం రచయిత పని అనీ ఆయన గ్రహించాడు. బేగంబజారు కథ రాసిన నాకు ఆ గ్రహింపు లేకపోయింది.

*

ముస్లింజంగ్ పూల్ దాటితే సిటీ కాలేజీ అన్నాను. మఖ్దూం మొహియుద్దీన్ అక్కడ అధ్యాపకుడుగా పనిచేసి 1941లో రాజీనామా చేశాడు. 1908లో అందోలులో పుట్టిన ఆయన కూడా బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. మసీదు ఊడ్చే పని చేశాడు. ఆయనను పెంచిన పినతండ్రి, రష్యాలో ఇప్పుడు గొప్పా బీదా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని తింటున్నారట అని ఇంట్లో ముచ్చట పెట్టేవాడట. చీపురు పట్టిన పిల్లలు ఆనాడు వేలమంది ఉన్నారు. చీపురుతో పాటు ఆ ముచ్చట కూడా విన్న పిల్లవాడు మఖ్దూం అయ్యాడు. ఉద్యోగం వదిలిన తర్వాత ఆయన కార్మికుల్లోకి వెళ్ళాడు. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. బాల్యంలో తన మీద పడ్డ కష్టం వేరు, పెద్దయ్యాక ఉద్యోగం వదిలి తాను ఎన్నుకున్న కష్టం వేరు. ఈ రెంటినీ ఒకే మాటతో పిలవడంలోనే మన పొరపాటంతా ఉంది.

గోర్కీ సంగతి కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే, కష్టాలే విశ్వవిద్యాలయాలు అని వాదించేవారు వెంటనే ఎత్తే పేరు ఆయనది. ఆయన తన ఆత్మకథలో మూడో భాగానికి 'నా విశ్వవిద్యాలయాలు' అని పేరు పెట్టిన మాట నిజం. కాని ఆ భాగంలో ఏముందో చదివినవారికి తెలుసు. కజాన్‌లో రొట్టెల బట్టీలో పనిచేస్తూ, 1887 డిసెంబరులో, పందొమ్మిదేళ్ళ వయసులో ఆయన తుపాకీతో ఛాతీలో కాల్చుకున్నాడు. గుండు గుండెకు తగలక బతికాడు. అంటే ఆ విశ్వవిద్యాలయం ఆయనను దాదాపు చంపింది. గుండు కొంచెం పక్కకు తిరిగి ఉంటే 'అమ్మ' నవల లేదు, ఈ ఉదాహరణా లేదు. అంతకుముందు ఓల్గా నది మీద ఆవిరి పడవలో గిన్నెలు తోముతున్నప్పుడు, స్మూరీ అనే వంటవాడు ఆయన చేతిలో పుస్తకాలు పెట్టి చదివించాడు. గోర్కీని చేసింది గిన్నెలా, స్మూరీనా? గిన్నెలు తోమిన కుర్రవాళ్ళు ప్రతి పడవలోనూ ఉన్నారు.

*

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. "కష్టానికి విలువే లేదంటారా? పోరాటం కష్టం కాదా? సుఖంగా కూర్చున్నవాడికి చైతన్యం వస్తుందా?" అని. ఇది న్యాయమైన ప్రశ్న. దాటవేయకూడదు.

నా జవాబు ఇది. కష్టం పడటం వేరు, కష్టంతో పోరాడటం వేరు. మొదటిదానిలో మనిషి వస్తువు, రెండోదానిలో కర్త. దాశరథి నిజామాబాదు జైల్లో పళ్ళు తోముకునే బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. పక్కన ఉన్నవాడు ఆళ్వారుస్వామి. ఆ పద్యాలను జైలు గోడ ఇవ్వలేదు. గోడను వ్యతిరేకించిన మనిషి ఇచ్చాడు. దాశరథి జైలుకు వెళ్ళింది వికాసం కోసం కాదు, నిజాం పాలన పోవాలని. ఎదుగుదల ఆ పోరాటంలో తనంతట తాను వచ్చింది. 1949లో వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి అంకితం ఇచ్చింది ఆళ్వారుస్వామికి. కృతజ్ఞత ఎటు పోయిందో గమనించండి. ఆ నమస్కారం తోటి ఖైదీకి చేరింది, జైలరుకు చేరలేదు. పోటీ కథల్లో నమస్కారం యజమాని వైపు వెళుతుంది. ఒక కథ దృక్పథం ఏమిటో తెలుసుకోవడానికి, చివర్లో అందులోని నమస్కారం ఎటు వెళుతున్నదో చూస్తే చాలు.

కష్టంతో పోరాడటం అంటే ఏమిటో బజారు భాషలోనే చెబుతాను. నా కాలంలో క్వింటాలు బస్తా మోయడం మగతనానికి గుర్తు. కాని 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఒక వయోజనుడైన పురుషుడు మోసే బరువు 55 కిలోలు మించినచోట దాన్ని తగ్గించే చర్యలు తీసుకోవాలని సిఫారసు చేసింది. 1969లో మహారాష్ట్రలో మాథాడీ, హమాలీ కార్మికులకు ఒక చట్టం వచ్చింది. కార్మికుల పేర్లు బోర్డులో నమోదు కావాలి, కూలి బోర్డు ద్వారా చెల్లించాలి, యజమానులు సంక్షేమానికి లెవీ కట్టాలి. బొంబాయి హమాలీలు ఏళ్ళ తరబడి సాగించిన ఆందోళన వల్ల అది వచ్చింది. "బరువు నన్ను మనిషిని చేస్తుంది" అని వాళ్ళు అనుకుని ఉంటే ఆ చట్టం పుట్టేది కాదు. బరువు తగ్గించుకోవాలనుకున్నారు, ఆ ప్రయత్నంలో ఎదిగారు. అక్షరం రాని మనిషి కమిటీలో మాట్లాడటం, దరఖాస్తు పెట్టడం, తోటివాడి ప్రమాదాన్ని తన ప్రమాదంగా చూడటం నేర్చాడు. ఇంతకంటే గొప్ప వ్యక్తిత్వ వికాసం నాకు తెలియదు.

*

ఇంతవరకూ చెప్పింది అవతలివారిని గురించి అనుకుంటే పొరపాటు. మన అభ్యుదయ రచయితలం కూడా ఇదే కథను వేరే చొక్కా తొడిగి రాశాం. మన కథల్లో కార్మికుడు బాధపడతాడు, ఇంకా బాధపడతాడు, చివరి పేరాలో పిడికిలి బిగిస్తాడు. బాధ నుంచి పిడికిలికి మధ్య దూరం ఎంతో మనం కొలవలేదు. ఆ దూరంలో సంఘం పెద్దాయన ఉంటాడు, విఫలమైన సమ్మె ఉంటుంది, భార్య తాకట్టు పెట్టిన పుస్తె ఉంటుంది, మోసం చేసిన మిత్రుడు ఉంటాడు, భయం ఉంటుంది. అదంతా వదిలి, బాధ ముదిరితే విప్లవం అవుతుందన్నట్టు రాయడం కూడా కష్టాన్ని గురువు చేయడమే. అక్కడ కారు వస్తుంది, ఇక్కడ జెండా వస్తుంది. సూత్రం ఒకటే.

ఇంకొక మాట. త్యాగాన్ని కీర్తించే అలవాటులో ఇంట్లోవాళ్ళ కష్టాన్ని మనం లెక్క వేయలేదు. కథానాయకుడు ఎన్నుకున్న పోరాటానికి మూల్యం అతని తల్లో, భార్యో చెల్లిస్తుంది. ఆమె దాన్ని ఎన్నుకోలేదు. ఆమె ఎదిగిందా లేదా అని ఎవరు అడిగారు? ఆళ్వారుస్వామి తన రెండో నవలకు 'గంగు' అని స్త్రీ పేరు పెట్టాడు. ఆయన పూర్తి చేయకుండానే 1961లో మరణించాడు. తర్వాత అది అచ్చయింది. ఆ అసంపూర్తి పని మన అందరిదీ అనుకోవాలి.

కథలు రాసే యువమిత్రులకు నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. కష్టాల కథ రాయవద్దని అనను. ఈ దేశంలో రాయవలసింది ఎక్కువగా అదే. రాసేముందు ఈ కష్టం ఎవరు పెడుతున్నారు, దాని వల్ల ఎవరికి ఎంత మిగులుతున్నది అని ఒకసారి లెక్క వేయండి. మీ నాయకుడు పైకి వస్తే, అతని చెయ్యి పట్టుకున్నది ఎవరో దాచకండి. అన్నిటికంటే ముఖ్యంగా, అతని పక్కన నిలబడి అంతే కష్టపడి పైకి రానివాణ్ణి కథలోంచి పంపేయకండి. అతన్ని ఉంచితే కథ ముగింపు కష్టమవుతుంది. కానివ్వండి. ఆ ఒక్క కష్టాన్ని మాత్రం రచయిత ఆహ్వానించవలసిందే.

*

ఈ వ్యాసం రాసేముందు బేగంబజారుకు ఒకసారి వెళ్ళి వచ్చాను. మా దుకాణం ఉన్న చోట ఇప్పుడు ప్లాస్టిక్ సామాను అమ్ముతున్నారు. బస్తాలు చిన్నవయ్యాయి, ట్రాలీలు వచ్చాయి. అయినా ఇరుకు సందుల్లో వీపే వాహనం. మోసేవాళ్ళలో బీహారు, ఒడిశాల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు కనిపించారు. ఒక దుకాణం గోడ మీద, గల్లా పెట్టెకు పైన, చట్రం కట్టిన ఒక సూక్తి వేలాడుతున్నది. కష్టపడినవాడే పైకి వస్తాడని హిందీలో దాని భావం. దాని కిందనే ఒక కుర్రవాడు నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని పెట్టెలు దించుతున్నాడు. ఆ గుడ్డ ఎందుకు కట్టుకున్నాడో నాకు తెలుసు.

అతన్ని ఆపి, చదువుకున్నావా అని అడిగాను. ఎనిమిదో తరగతి దాకా అన్నాడు. సంఘం ఉందా అని అడిగాను. సేటు వైపు ఒకసారి చూసి, నాకు జవాబు చెప్పకుండా పెట్టె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ చూపులో భయం ఉంది, లెక్కా ఉంది. సూక్తి ఉన్న చట్రంలో ఆ చూపు పట్టదు. కథలో పట్టాలి.

నా పాత కథను మళ్ళీ రాస్తున్నాను. ఈసారి అది కాంటా దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళతో మొదలవుతుంది. ఎవరు తెలివైనవారో మొదటి పేరాలోనే చెబుతున్నాను. "భరించలేక ఊరికి పోయాడు" అన్న వాక్యాన్ని కొట్టేశాను. దాని స్థానంలో ఏం రాయాలో తెలుసుకోవడానికి ముందు మా తాలూకాకు వెళ్ళి, అతను ఉన్నాడో లేడో, ఉంటే నడవగలుగుతున్నాడో లేదో కనుక్కోవాలి. అది నలభై ఏళ్ళ కిందటే చేయవలసిన పని.